పాత ఫైళ్ళు యథాతథంగా తెరుచుకుంటాయి

“శ్రావణ శుద్ధ తదియ, బుధవారం, మధ్యాహ్నం. ముసురు. హాజరైనవారు: బావమరిది, మేనల్లుడు, టైపు చేసే అమ్మాయి, నేను. విషయం: వాడుక పుస్తకం పఠనం.”

నా పాత డైరీలోని ఈ ముక్కల్ని ఇవాళ వెతికి తీయడానికి కారణం నా సెల్ ఫోను. రోజూ తెలుగులో రాసుకోవడానికి నేను వాడే ఆప్ రాత్రికి రాత్రి తనంతట తానే మారిపోయి, పొద్దున్నే “కొన్ని మెరుగులు చేశాం” అని ఒక్క వాక్యం చూపించి ఊరుకుంది. ఏం మెరుగుపరిచారో, ఏం తీసేశారో, నా పాత రాతలు ఎలా ఉన్నాయో చెప్పే నాథుడు లేడు. గుబులుగా ఒక్కో రాతా తెరిచి చూసుకుంటూ కూర్చున్నాను. అన్నీ ఉన్నాయి. అయినా గుబులు మాత్రం దిగలేదు. ఆ గుబులు నాకు కొత్తది కాదు, ఫిల్మ్ నగర్‌లో పనిచేసిన రోజుల నుంచి వెంట వస్తున్నదే.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే కనిపించిన రోజులవి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నుంచి ముందుగానే విరమణ తీసుకుని ఇంట్లో ఉన్న నన్ను, మా బావమరిది తన చిన్న కంపెనీకి రమ్మన్నాడు. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ కింది భాగంలో మూడు గదులు మావి, పై అంతస్తు ఒక సినిమా ఆఫీసుది. తెలుగులో టైపు చేసుకునే ఎడిటర్ ఒకటి తయారుచేసి అమ్మేవాళ్ళం. ప్రోగ్రాము రాసేది మా అక్కయ్య కొడుకు, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాసేది నేను.

ఆ పుస్తకానికి మేం పెట్టిన పరీక్ష ఫిల్మ్ నగర్ నుంచి నేర్చుకున్నదే. అక్కడ ఏ ఆఫీసులోనైనా నిర్మాత మొదలు డ్రైవరు దాకా అందరినీ కూర్చోబెట్టి కథ వినిపించేవారు, ఎక్కడ ఆవలింత వస్తే అక్కడ కథ జారిందని లెక్క. మా బావమరిదికి ఈ పద్ధతి ఎంతో నచ్చింది. అందుకని అచ్చుకు పోయేముందు నేను పుస్తకాన్ని పైకి చదవాలి, ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని నేను చదివింది చదివినట్టు చేయాలి, సొంత తెలివి వాడకూడదు. మొదట నవ్వుకున్నాను గానీ, ప్రూఫులో నాకు కనిపించని తప్పులు ఆ చదువులో ఎన్నో బయటపడ్డాయి.

ఆ బుధవారం కంప్యూటర్ ముందు కూర్చున్నది యూసుఫ్‌గూడ అమ్మాయి. తండ్రి స్టూడియోలో లైట్లు మోసేవాడు, ఈమె సినిమా స్క్రిప్టులు టైపు చేసేది. అంతవరకు ఇంకొకరి కింద పనిచేసి, మొదటిసారి ఒక స్క్రిప్టు మొత్తం సొంతంగా ఒప్పుకుంది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది కదా, మర్నాడు పొద్దున్నే గుట్ట మీది గుడిలో ఆ సినిమాకి ముహూర్తం. పసుపూ కుంకుమా పెట్టి దేవుడి ముందు ఉంచడానికి స్క్రిప్టు బైండు చేసి తేవాలి. ఇంటర్వెల్ దాకా ముందే ప్రింటు తీసుకుంది, మిగతా సగం మా లేజర్ ప్రింటర్ మీద తీసుకుందామని వచ్చింది.

ఆ సగం ఒకే ఒక్క ఫ్లాపీలో ఉంది. కథ బయటికి పొక్కుతుందన్న భయంతో ఆ ఆఫీసువాళ్ళు ఏ రోజు టైపు చేసింది ఆ రోజే కంప్యూటర్‌లోంచి చెరిపించేవారు. చేతిరాత ప్రతిని స్వామి పాదాల దగ్గర పెట్టించడానికి రచయితగారు తిరుపతి తీసుకువెళ్ళారు, మర్నాడు రైలు దిగి నేరుగా గుడికే వస్తారు. ఆయన దగ్గర సెల్ ఫోను కూడా లేదు.

ఎలాగూ మా పాత ఎడిటర్‌లో టైపు చేసిన ఫైలుంది కదా, దాంతోనే పఠనం కానిచ్చి, అమ్మకానికి సిద్ధమవుతున్న కొత్త వెర్షన్‌లోంచే అందంగా ప్రింటు తీసుకోవచ్చని మా బావమరిది అన్నాడు. నేను చదివాను, ఆమె చేసింది. “పాత ఫైళ్ళు యథాతథంగా తెరుచుకుంటాయి. తెరిచి, భద్రపరచి, మూసి, మళ్ళీ తెరిచి సరిచూసుకోండి” అన్న చోటికి వచ్చాం. మళ్ళీ తెరిచిన తరవాత ఆమె చేతులు మీటల మీద అలాగే ఆగిపోయాయి.

“ఏంది సార్ గిది? మనిషి మాటలు కుర్చీ మాట్లాడుతున్నది!”

సినిమా స్క్రిప్టు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అందులో కాగితానికి ఎడమవైపు ఏం జరుగుతుందో రాస్తారు, కుడివైపు ఎవరేం మాట్లాడతారో రాస్తారు. మా పాత ఎడిటర్‌లో ఆ రెండు వరసలూ పక్కపక్కన చక్కగా నిలబడేవి. ఇప్పుడు తెర మీద రెండూ కలిసిపోయాయి. అసలు వాక్యాలు చెప్పకూడదు గనక అలాంటిదే ఒకటి కల్పించి చెబుతాను: “అతను గుమ్మం దగ్గర నీకు సిగ్గు ఆగి కుర్చీ లేదా లాక్కుని ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా కూర్చుంటాడు.” పేజీల కొద్దీ ఇదే వరస.

మేనల్లుడు వచ్చి తెర మీదికి వంగి చూశాడు.

“రెండు వరసలది తీసేశాం కదా మావయ్యా. కొత్త విండోస్‌లో అదుంటే మొత్తం ఆగిపోతోంది. మీకు చెప్పలేదా?”

“ఎప్పుడు చెప్పావురా, నీ కల్లోనా?”

“ఆఫీసులవాళ్ళు ఉత్తరాలు రాసుకుంటారు గానీ, రెండు వరసలు ఎవరు వాడతారులే అనుకున్నాం బావా,” అన్నాడు మా బావమరిది.

“ఫిల్మ్ నగర్‌ల కూసొని గా మాటంటున్నరా సార్!” అంది ఆమె. “మీ బుక్కుల ఏమున్నదో గదే చేసిన. ఒక్క మీట ఎక్కువ నొక్కలె. రేపు పొద్దుగాల నేనేం మొకం పెట్టుకొని పోవాలె? ఇంకోసారి నాకెవరిస్తరు పని?”

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు కాస్త తేలికయ్యేదేమో. ఫ్లాపీని బయటికి తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టి చూసింది. తుడిస్తే పోయే మరకా అది? మేనల్లుడు ఏవేవో ప్రయత్నించాడు. భద్రపరచినప్పుడే వరసల గుర్తులు చెరిగిపోయాయనీ, పాత వెర్షన్‌లో ఆ ఫైలు ఇక తెరుచుకోదనీ తేల్చాడు. కిటికీ బయట ముసురు, పై అంతస్తులో ఎవరో ఎవరికో కథ చెబుతూ బల్ల గుద్దుతున్న చప్పుడు.

చివరికి దారి చెప్పింది ఆమే. “విడదీద్దాం. మనం మనుషులమే కదా, ఏది మాటో ఏది కాదో తెల్వదా?”

అయితే ముందు ఒట్టు. గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం ముందు మమ్మల్ని ముగ్గుర్నీ నిలబెట్టి, కథలో ఒక్క ముక్క బయట చెప్పనని ప్రమాణం చేయించింది. కలిసిపోయిన కాగితాలు ప్రింటు తీశాం. నేను పెన్సిలుతో మాటల చుట్టూ గీతలు గీసేవాణ్ణి, మేనల్లుడూ బావమరిదీ పైకి చదివేవాళ్ళు, పాత వెర్షన్ ఉన్న ఇంకో కంప్యూటర్ మీద ఆమె రెండు వరసల్లో మళ్ళీ టైపు చేసేది. కళ్ళకు అందని తేడా చెవికి అందేది. మా బావమరిది ఎంత లీనమయ్యాడంటే, నాయిక మాటలకు గొంతు సన్నగా చేశాడు.

“మీరు యాక్టింగ్ జేయకుండ్రి సార్, నాకు నవ్వొచ్చి తప్పులు పడ్తున్నయ్,” అంది ఆమె. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్క గీత పక్కకు జరిగితే ఎవరి మాట ఎవరి నోట్లో పడుతుందో అన్న భయం.

వీధి దీపాలు వెలిగేవేళకు ఒకే ఒక్క వాక్యం మిగిలిపోయింది: “వాన వెలిసింది.” ఈ ఒక్కటి చెబితే ఒట్టు తప్పినట్టు కాదనుకుంటాను. అది ఎడమవైపుదా, కుడివైపుదా? వాన దానంతట అది వెలిసిందా, వెలిసిందని ఎవరైనా అన్నారా? ఆ సీనులో భార్యాభర్తలు చాలాసేపటి నుంచి మాట్లాడుకోకుండా ఉన్నారు. మేనల్లుడు ఎడమవైపే అన్నాడు. వాన సంగతి ఎవరైనా పైకి చెప్పుకుంటారా అన్నాడు మా బావమరిది. ఆమె ఆ సీను మళ్ళీ ఒకసారి చదువుకుని, “గంతసేపు మాట్లాడనోళ్ళు మొదలు గిట్లాంటి మాటే అంటరు సార్,” అని కుడివైపు టైపు చేసింది.

వాళ్ళు ప్రింటు తీసుకుంటుంటే నేను నా పుట కొట్టేసి మళ్ళీ రాశాను: “రెండు వరసల్లో టైపు చేసిన పాత ఫైలును ఈ కొత్త వెర్షన్‌లో తెరవకండి. తెరిచి భద్రపరిస్తే వరసలు కలిసిపోతాయి. కలిశాక విడదీసే ఉపాయం ఇందులో లేదు.” కొంచెం మెత్తగా రాయమన్నాడు బావమరిది, ఇలా రాస్తే ఎవరు కొంటారన్నాడు. ఆమె స్క్రిప్టు సంచిలో సర్దుకుంటూ, “గట్లనే ఉండనియ్యుండ్రి సార్. తెలిస్తే జాగర్తపడ్తరు, తెల్వకుంటే నా గతే అయితది,” అంది. ఆ పుట అలాగే అచ్చయింది.

ఆ కంపెనీ తరవాత ఎక్కువ కాలం నిలవలేదు. ఆ సినిమా కూడా సగంలోనే ఆగిపోయింది. ఇప్పుడు ఆ మేడ ఉన్నచోట అద్దాల భవనం ఉంది. వాడుక పుస్తకాలు రాసేవాళ్ళూ లేరు, చదివేవాళ్ళూ లేరు, మనం నిద్రపోతుండగా అన్నీ వాటంతట అవే మారిపోతాయి. మార్పు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఏం తీసేశామో ఎదుటివాడికి చెప్పాలని నలుగురం కూర్చుని కంగారుపడిన ఆ మధ్యాహ్నం లాంటిది ఇప్పుడెక్కడైనా జరుగుతుందా అని నాకు అనుమానం. మా కంగారు ఎదుటివాడి కోసం పడిన కంగారు. ఇవాళ పొద్దున నేను ఒంటరిగా పడింది అలాంటిది కాదు.

ఇక ఆ బుధవారానికి మర్నాటి సంగతి. ఇంట్లో కూర్చోలేక నేనూ గుట్ట మీది గుడికి వెళ్ళాను. సన్నగా జల్లు. షామియానా కింద ఆమె ఒక మూల నిలబడి గోళ్ళు కొరుకుతోంది. రచయితగారు గుండుతో, చేతిలో లడ్డూ పొట్లంతో వచ్చి, బైండు చేసిన స్క్రిప్టు తీసుకుని పుటలు తిప్పసాగారు. ఒకచోట ఆగి, జేబులోంచి పెన్ను తీసి ఏదో రాశారు. కొబ్బరికాయ కొట్టాక ఆమె వెళ్ళి చూసి వచ్చింది.

“వాన కాడ ఆయన ఆగనే లేదు సార్. వేరే సీన్ల ఆయన మాట ఆయనే కొట్టేసి, కొత్తది రాసుకున్నడు. సోమవారం రమ్మన్నడు, ఇంకా మారుస్తడంట.”

అంతలో షామియానా మీద చినుకుల చప్పుడు ఆగిపోయింది. కుర్చీలో కూర్చుని ఉన్న నిర్మాతగారి తల్లి, అంతసేపూ ఎవరితోనూ మాట్లాడని పెద్దావిడ, తల పైకెత్తి ఎవరినీ ఉద్దేశించకుండానే అంది: “వాన వెలిసింది.”

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

“ఇన్నరా సార్? మాటనే.”