ఆదివారం మానేసే పొగ

"...ఇరవై ఏళ్ళు నాకు తెలియకుండా ఎక్కడ తాగావు, ముందు అది చెప్పు! డాబా మీదా, మెట్ల కిందా, ఎవరింట్లో?"

"నేను తాగలేదే బాబూ."

"తాగకపోతే కార్ఖానా వాళ్ళు కాగితం మీద ఊరికే రాస్తారా? 'పొగ తాగే అలవాటు కలదు' అని!"

"అదికాదే, డాక్టరు అడిగాడు..."

"అడిగితే ఒప్పుకున్నావు. డాక్టరు దగ్గర ఒప్పుకున్న మనిషివి నా దగ్గర ఒప్పుకోవేం?"

మామూలు రోజుల్లో ఆవిడ మొగుణ్ణి 'మీరు' అంటుంది. 'నువ్వు'లోకి దిగిందంటే చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్నప్పుడు ఎదురుగా నిలబడకపోవడం మంచిదని అతనికి అనుభవం. ముందు గదిలోనే ఆవిడ ఇస్త్రీ బల్ల. వీధిలో సగం బట్టలు ఆ బల్ల మీదకే వస్తాయి. వేడి తగలగానే ఏ చొక్కా సిగరెట్ కంపు కొడుతుందో, ఎవరు పెళ్ళాం చాటుగా తాగుతున్నారో ఆవిడకు ఇట్టే తెలిసిపోతుంది. అంతమంది గుట్టు తెలిసిన తనకు ఇంట్లో మనిషి గుట్టు తెలియకపోవడమే ఆవిడ అసలు బాధ.

"నా చొక్కా నువ్వే కదా ఉతికేది. ఎప్పుడన్నా వాసన వచ్చిందా?" అన్నాడతను.

"నీ చొక్కాకి కార్ఖానా కంపు తప్ప ఇంకేదీ అంటదు. దాని చాటున ఏనుగును దాచినా తెలియదు."

వీధిలోనూ పనిలోనూ అందరూ అతన్ని తిరకాసు అంటారు. ఏ మాటకీ తిన్నగా జవాబు చెప్పి ఎరగడు. టైమెంత అంటే "నిన్న ఈపాటికి ఎంతయిందో అంతే" అంటాడు. ఒంట్లో ఎలా ఉందంటే "ఒంటినే అడగండి" అంటాడు. పెళ్ళికి ముందు మామగారు "ఏం పని చేస్తావు బాబూ?" అని అడిగితే, "నలుగురి ఇళ్ళల్లో నీళ్ళు వచ్చేలా చూస్తానండీ" అన్నాడు. నీళ్ళ ఆఫీసులో ఏదో పెద్ద ఉద్యోగం అనుకుని ఆయన పిల్లనిచ్చేశాడు. అల్లుడు కుళాయిల కార్ఖానాలో కూలీ అని పెళ్ళయ్యాక తెలిసింది. అబద్ధం చెప్పాడని అనడానికీ లేదు.

ఆ కార్ఖానాలో ఇత్తడి కుళాయిలకు తళతళలాడే పూత వేస్తారు. కుళాయిలను కొక్కేలకు తగిలించి, ఎర్రటి ఆమ్లం నింపిన తొట్టెలో ముంచి, కరెంటు పారిస్తారు. తొట్టె బుడబుడలాడుతుంది. బుడగలు పగిలినప్పుడల్లా సన్నటి పసుప్పచ్చటి ఆవిరి పైకి లేచి, వంగి చూసేవాడి ముక్కులోకి తిన్నగా వెళ్తుంది. దాన్ని లాగి బయటికి తోసే పెద్ద ఫ్యాన్ గోడకు ఉంది. తనిఖీ వాళ్ళు వచ్చిన రోజున అది తిరుగుతుంది కూడా.

ఆ ఆవిరిని అక్కడెవరూ ఆవిరి అనరు, పొగ అంటారు. తొట్టె దగ్గర పని చెయ్యడాన్ని పొగ తాగడం అంటారు. "ఇవాళ మొదటి తొట్టెలో పొగ తాగేదెవరురా?" అని మేస్త్రీ పొద్దున్నే కేకేస్తే, వంతు వచ్చినవాడు ముఖానికి గుడ్డ చుట్టుకుని వెళ్తాడు. రెండో తొట్టెకు మాత్రం వంతుల్లేవు, అది తిరకాసుది. అక్కడ ఇరవై ఏళ్ళు పొగ తాగాడు.

దగ్గు ఎప్పుడు పట్టుకుందో అతనికే గుర్తు లేదు. వీధి మలుపులో దగ్గు వినబడగానే ఆవిడ లేచి కూర వేడి చేసేది. ఆ దగ్గు ఇంటికి అంతగా అలవాటైపోయింది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. ఆ తర్వాత వాసన పోయింది. అది పోయిన సంగతి బయటపడింది పక్కింటాయన ప్యాంటు వల్ల. ఆవిడ దాని మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయి వీధిలో మాటల్లో పడింది. పక్కనే కుర్చీలో కూర్చున్న తిరకాసు, పొగ కళ్ళకు కనబడేదాకా కదలలేదు. పక్కింటాయన ఆ ప్యాంటును నిక్కరు చేయించుకుని ఇప్పటికీ అదే వేసుకుని వీళ్ళ గుమ్మం ముందు నుంచి తిరుగుతాడు.

కార్మికుల తరఫున కేసులు నడిపే ముసలాయన ఒకడున్నాడు. ఒకప్పుడు అదే కార్ఖానాలో ఫిట్టరు. అందరూ ఆయన్ని కేసుల బాబాయి అంటారు. దగ్గు పని వల్లే వచ్చిందని, పరిహారం ఇచ్చి తొట్టెకు దూరంగా వేరే పని చూపించాలని ఆయనే కేసు వేయించాడు. కార్ఖానా వాళ్ళు తిరకాసును తమ డాక్టరు దగ్గరికి పంపారు. కొత్తగా చేరిన కుర్రడాక్టరు. ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీకు పొగ తాగే అలవాటు ఉందాండీ?"

తిరకాసుకు ప్రాణం లేచివచ్చింది. ఇంత చదువుకున్న మనిషి తమ కార్ఖానా మాట నేర్చుకుని మరీ అడుగుతున్నాడనుకున్నాడు.

"అలవాటేమిటండీ, అదే బతుకు! ఇరవై ఏళ్ళ నుంచీ!" అన్నాడు.

కార్ఖానా జవాబు అక్కణ్ణుంచే పుట్టింది. దగ్గు సిగరెట్లది, పనిది కాదు. విచారణాధికారి కూడా అదే మాటంటే తిరకాసు మళ్ళీ రెండో తొట్టె దగ్గరికైనా వెళ్ళాలి, లేదా ఇంట్లో కూర్చుని పెళ్ళాం ఇస్త్రీపెట్టె మీద బతకాలి. డాక్టరేమో ఊపిరితిత్తులు ఇక ఆ పొగ తట్టుకోలేవని ముందే చెప్పేశాడు. ఏ పొగ అన్నది మాత్రం చెప్పలేదు.

"ఒరేయ్ అబ్బాయ్," అన్నాడు బాబాయి విచారణకు ముందు, "నీ తిరకాసు మాటలే నీ కొంప ముంచాయి. అక్కడ ఏమడిగినా అవును, కాదు. మూడో మాట నీ నోట్లోంచి వచ్చిందా, కేసు వదిలేసి మనవరాలితో ఆడుకుంటా."

ఇస్త్రీ చేస్తూ ఆవిడ అతని చేత పాఠం చెప్పించింది. సిగరెట్ సంగతి విచారణ అయ్యాక తేల్చుకుంటానని అప్పటికి కోపం వాయిదా వేసింది.

"మీ పేరు?"

"అవును."

"పేరడిగితే అవునేమిటి!"

"రెండే మాటలన్నాడుగా బాబాయి."

"సరే. మీరు పొగ తాగుతారా?"

"కాదు."

"తాగను అనాలి!"

"అది మూడో మాట."

విచారణ గది చిన్నది. గోడ పొడుగునా దారాలతో కట్టిన కట్టలు, ఒక బల్ల, రెండు బెంచీలు. అధికారి పెద్ద వయసాయన. మాట్లాడుతూ మాట్లాడుతూ చొక్కా జేబు తడుముకుంటున్నాడు. బెంచీ మీద కూర్చున్న ఆవిడ ముక్కు ఒకసారి ఎగబీల్చి, "ఆ చొక్కా నా బల్ల మీదకు వస్తే కళ్ళు మూసుకుని చెప్తాను," అంది బాబాయితో. బాబాయి నోరు మూసుకోమని సైగ చేశాడు.

కార్ఖానా వకీలు లేచాడు.

"పొగ తాగుతారా అని డాక్టరుగారు మిమ్మల్ని అడిగారా?"

"అవును."

"తాగుతానని మీరు చెప్పారా?"

తిరకాసు బాబాయి వైపు చూశాడు. రెండే మాటలని గుర్తుచేస్తూ బాబాయి రెండు వేళ్ళు చూపించాడు.

"అవును," అన్నాడు తిరకాసు.

"ఇరవై ఏళ్ళ నుంచీ?"

"అవును."

"మీ చేత ఎవరైనా బలవంతంగా అనిపించారా?"

"కాదు."

"నేను అడగాల్సింది అయిపోయిందండీ," అని వకీలు కూర్చున్నాడు.

బాబాయి తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం బెంచీ మీంచి లేచి నిలబడింది.

"అయ్యా, ఆ అవునూ కాదూ మేం నేర్పినవండీ! మామూలుగా ఈయన ఇలా మాట్లాడడు!"

"మామూలుగా ఎలా మాట్లాడతాడమ్మా?" అన్నాడు అధికారి.

"ఏదీ తిన్నగా చెప్పడండీ. మా నాన్న ఆ మాటలకే మోసపోయాడు."

అధికారి నవ్వు ఆపుకుని డాక్టరును పిలిచాడు. "ఈయన మీతో ఏమన్నాడో, ఈయన మాటల్లోనే చెప్పండి."

కుర్రడాక్టరు రోగి అన్నది అన్నట్టు రాసుకునే రకం. తడుముకోకుండా చెప్పాడు.

"ఇరవై ఏళ్ళ నుంచీ అదే బతుకు అన్నాడండీ. రోజుకు ఎంత అంటే, పొద్దున గంట కొట్టింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా అన్నాడు. ఆదివారం మానేస్తానన్నాడు."

అధికారి కలం ఆగింది.

"ఏం మానేస్తాడు?"

"పొగ తాగడమండీ. ఆదివారాలు."

"మరి మామూలు సెలవు రోజుల్లో?" అని అధికారి తిరకాసు వైపు తిరిగాడు.

తిరకాసు బాబాయిని చూశాడు. చెప్పి చావమన్నట్టు బాబాయి చెయ్యి ఊపాడు.

"సెలవు రోజున కార్ఖానాకి తాళమేస్తారు కదండీ. ఇక నాకు పొగ ఎవరు పోస్తారు?"

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదకు పోయింది.

"డాక్టరుగారూ, వారానికి ఒకరోజు ఏ ఇబ్బందీ లేకుండా సిగరెట్ మానేసే మనిషి మీకెవరైనా తెలుసా?"

"తెలియదండీ."

"నాకూ తెలియదు. తెలిస్తే వెళ్ళి కాళ్ళ మీద పడేవాణ్ణి."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "నేను సిగరెట్ అనలేదండీ," అన్నాడు మెల్లగా. "పొగ అన్నాను."

"ఆయనా పొగే అన్నాడు," అని అధికారి లేచాడు. "కాసేపు ఆగండి, వస్తాను." గుమ్మం దాటకముందే చెయ్యి జేబులోకి వెళ్ళింది.

వరండాలో ఆవిడ మొగుడి మోచెయ్యి పట్టుకుని గోడ వారకు లాగింది.

"అయితే తాగలేదన్నమాట."

"చెప్పాను కదే."

"తిన్నగా చెప్పాలండీ!" అంది. 'మీరు' తిరిగొచ్చింది.

ఇంతలో వకీలు దగ్గరికి వచ్చాడు. లోపల ఉన్నంత బిగువు ఇప్పుడు లేదు.

"చూడండి, ఆదివారం మాట నవ్వుకోవడానికి బాగుంది. దాంతోనే కేసు తేలిపోదు. పెద్దాసుపత్రిలో పరీక్షలంటారు, మళ్ళీ వాయిదాలంటారు. చివరికి ఎటు తిరుగుతుందో నాకూ తెలియదు, మీ బాబాయికీ తెలియదు. కార్ఖానా వాళ్ళు గేటు దగ్గర పని ఇస్తామంటున్నారు. కుర్చీ, నీడ. రేపట్నుంచే. మీరు కేసు వెనక్కి తీసుకుంటే చాలు."

"దగ్గు సంగతి?" అన్నాడు తిరకాసు.

"దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలదు, అంతే."

తిరకాసు కళ్ళ ముందు ఆ కుర్చీ నిలబడింది. గేటు పక్కన వేపచెట్టు గాలి, వచ్చేపోయే బండ్లకు సలాము, టైమెంత అని అడిగేవాళ్ళకు జవాబులు. అతని కోసమే పుట్టిన ఉద్యోగం.

"కుర్చీ చెడ్డదేం కాదురా," అన్నాడు బాబాయి. "గెలుస్తామని నేను మాట ఇవ్వలేను."

ఆవిడ చీర కొంగు మడతలు పెడుతూ అడిగింది. "రెండో తొట్టె దగ్గర ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"మన వెనకింటి అల్లుడు," అన్నాడు తిరకాసు.

"వాళ్ళావిడ నిన్న చొక్కాలు తెచ్చింది. 'అక్కా, మా ఆయన ఈమధ్య దగ్గుతున్నాడు, చాటుగా సిగరెట్లు తాగుతున్నాడేమో కాస్త వాసన చూసి చెప్పు' అంది."

"ఏం చెప్పావు?"

"కార్ఖానా కంపు తప్ప ఏమీ తెలియలేదన్నాను. ఇంటికెళ్ళి పోట్లాడుకునే ఉంటారు." కొంగు మడతలు వదిలేసి, "మీ ఇష్టం. నేనేం అనను," అంది.

ఏమీ అనను అని ఆవిడ అనడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. తిరకాసు వకీలును వదిలేసి ఆవిడనే చూస్తూ నిలబడిపోయాడు.

లోపలికి పిలిచారు. అధికారి వచ్చి కూర్చోగానే ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తిరకాసుకు ఏ వాసనా తెలియలేదు.

"రాజీ మాట వచ్చిందని వకీలుగారు అంటున్నారు," అన్నాడు అధికారి. "కేసు వెనక్కి తీసుకుంటారా? అవునూ కాదూ అక్కర్లేదు. మీ మాటల్లోనే చెప్పండి."

వకీలు కలం తెరిచి పట్టుకున్నాడు. ఏ తిరకాసు వస్తుందోనని బాబాయి కళ్ళు మూసుకున్నాడు. తిరకాసు నోరు తెరిచాడు, దగ్గు వచ్చింది. అది అయ్యేదాకా గదిలో అందరూ ఆగారు.

"తీసుకోనండీ," అన్నాడు. "తీర్పు చెప్పండి."