బయట గొళ్ళెం ఉన్న ఓడ

మా మనుమరాలి దగ్గర నుంచి సండే స్కూలు తీసేస్తున్నారని మంగళవారం తెలిసింది. సినిమా వేసింది ఆదివారం సాయంత్రం. మధ్యలో సోమవారం ఒక్కటే. మా సంఘంలో చర్చి పైకప్పు కూడా ఇంత తొందరగా ఎన్నడూ బాగుపడలేదు.

ఆమె వనపర్తిలో డిగ్రీ చదువుతుంది. శనివారం అమరచింత దగ్గరున్న మా ఊరికి వచ్చి, ఆదివారం పిల్లలకు పాఠం చెప్తుంది. ఆ క్లాసు అంతకుముందు నాది. మోకాళ్ళు పోయాక ఆమెకు ఇచ్చాను. అందరూ వలస కూలీల పిల్లలు, కుదురుగా కూర్చోరు. అందుకే జలప్రళయం పాఠానికి ముందు చర్చి గోడ మీద ఒక డబ్బింగ్ సినిమా వేసింది. అందులో భూమి మునిగిపోతుంది. మనుషులు అంతరిక్ష నౌక ఎక్కుతారు, జంతువులు జంటలుగా ఎక్కుతాయి. తెల్ల పావురంలాంటి యంత్రం నేల వెతకడానికి పోతుంది.

నేను వెనుక బెంచీలో కూర్చుని తప్పులు పట్టాను. బైబిలు ఓడలో మనుషులు ఎనిమిది మంది, వీళ్ళు పన్నెండుగురు. ఆ పన్నెండుగురిలో ఒకడు నాయకుణ్ణి పట్టిచ్చినప్పుడు అర్థమైంది. ఓడ కథ, ప్రభువు పన్నెండుగురు శిష్యుల కథ, రెండింటి లెక్కలు ఒకదాంట్లో కలిపారు. తప్పే, కాని తెలిసి చేసిన తప్పు.

చివర్లో నౌక తలుపుకు లోపల గొళ్ళెం పడదు. ఎవరో ఒకరు బయట ఉండి వేయాలి. నాయకుడు బయట నిలబడి, రెండు చేతులూ చాచి తలుపును అదిమి పట్టాడు.

నా పక్కన కూర్చున్న మా ఆడబిడ్డకు చూపు సగమే. ఎప్పుడో ఊళ్ళో తెల్లదుప్పటి కట్టి వేసిన ప్రభువు సినిమా తప్ప ఆమె ఇంకో సినిమా ఎరగదు. సిలువ మీదలాగా చేతులు చాచిన మనిషి కనిపించగానే లేచి, "స్తోత్రం తండ్రీ!" అని ఏడ్చింది. ఆమెను చూసి ఇంకొందరు ముసలమ్మలు ముసుగు వేసుకుని మోకరించారు. పిల్లలు పడిపడి నవ్వారు. సంఘ పెద్ద లైట్లు వేసి సినిమా ఆపేశాడు.

మంగళవారం ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, నీ మనుమరాలు యాక్టర్‌కు మొక్కిపిచ్చింది. ఏందిది?"

"ఆమె మొక్కమన్నదా?"

"అనలే. గోడ మీద ఏసింది గద."

"నీ బిడ్డ పెండ్లి వీడియో గూడ గా గోడ మీదనే ఏసినవ్."

"అది వేరే. జర సమజ్ చేస్కో. పక్కూరోళ్ళు నవ్వుతుండ్రు."

మంచం మీద నుంచి మా ఆడబిడ్డ అందుకుంది. "ఓ తమ్మీ, మొక్కింది నేను. ఏ క్లాసుల్నుంచి తీస్తవో నన్ను తియ్!"

నేను బైబిలు తీసి చూపించాను. మన కథలోనూ ఓడ తలుపు లోపలివాళ్ళు మూసుకోలేదు, దేవుడే మూశాడు. ఆ సినిమా తీసినవాళ్ళు ఈ వాక్యం చదివే తీశారు.

"నువ్వు చెప్పింది కరెక్టే అక్కా. గాని తీర్మానం అయిపోయింది. ఇగో, కాగితం."

ఫోన్‌లో ఆ సంగతి ఎత్తితే మనుమరాలు, "పోనీ అవ్వా, పరీక్షలున్నయి" అని ఫోన్ పెట్టేసింది. శనివారం రాలేదు. క్లాసు మళ్ళీ నా మెడకే పడింది. ఆదివారం కుర్చీ వేయించుకుని పాఠం మొదలుపెట్టానో లేదో, ముందు వరసలో ఒక పిల్ల అడిగింది.

"అవ్వా, బయటున్నాయన మల్ల లోపలికొచ్చిండా?"

"అది మన పాఠం కాదు."

పిల్లల పక్కన చాప మీద కూర్చున్న మా ఆడబిడ్డ ఊరుకోలేదు. "చెప్పు పిల్లా, నాగ్గూడ తెల్వదు. గప్పుడు నేను ప్రార్థనల కండ్లు మూస్కున్న."

నిజానికి నాకూ తెలియదు. సినిమా ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది. చివరేమైందో మా ఊళ్ళో ఒక్కరికే తెలుసు, ఆమె వనపర్తిలో ఉంది.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. "పిల్లలు ఏదో అడుగుతుండ్రు, చెప్పు."

మా మనుమరాలి గొంతు, పాఠం చెప్పే గొంతు వచ్చింది. "ముందు మీరు చెప్పుండ్రి. ఓడ తలుపు ఎవలు మూసిండ్రు?"

అందరూ ఒక్కసారే అరిచారు. నేను కుర్చీలో వెనక్కి వాలి మోకాళ్ళు చాపుకున్నాను. ఆమె క్లాసులో నిలబడకూడదు, సినిమా వేయకూడదు అన్నారు. తీర్మానం రెండుసార్లు చదివాను. అందులో ఫోన్ మాట లేదు.