పోపుల డబ్బాలో తలుపు

తాజ్‌మహల్ కట్టే పని ఆ రోజుల్లో మా అమ్మమ్మ లీలావతికి అప్పజెప్పి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదు. రెండు వీకెండ్లలో లేచి నిలబడేది. లెగో అనే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో కట్టేది కాబట్టి, నచ్చకపోతే విప్పి ఇంకో చోట పెట్టుకునే సౌకర్యం కూడా ఉండేది. కాకపోతే ఎక్కడో ఒక చోట, సరిగ్గా చక్రవర్తి కన్ను పడే చోట, ఒక్క ఇటుక తక్కువయ్యేది. ఆ ఇటుక జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ ఊళ్లో, మా వంటింటి పోపుల డబ్బాలో మెంతుల పక్కన ఉండేది.

మా అమ్మమ్మ గురించి ముందుగా తెలుసుకోవలసింది ఇదే. ఆవిడ తెలిసినవాళ్లందరికీ లెగో సెట్లు ఊరికే ఇస్తుంది. ఇచ్చే ప్రతి సెట్‌లోనూ ఒక ముక్క ఉంచేసుకుంటుంది. ఫైరింజన్ ఇస్తే నిచ్చెన ఉండదు. విమానం ఇస్తే తోక ఉండదు. ఒక జంటకు పెళ్లిరోజు కానుకగా పెళ్లిమంటపం ఇచ్చింది. అందులో పెళ్లికొడుక్కి తల లేదు. ఆ తల కోసం భార్యాభర్తలిద్దరూ జోరువానలో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, తల తీసుకుని, మా ఇంట్లో మినపట్లు తిని వెళ్లారు.

నేను హాసినిని. ఆవిడ మనవరాలిని, డ్రైవర్‌ని కూడా. కాలేజీలో రెండుసార్లు చేరి రెండుసార్లు మానేశాను కాబట్టి, శనివారం పొద్దున్నే ఇళ్ల ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్స్ చుట్టూ తిప్పడానికి నాకంటే అర్హులు లేరని ఆవిడ అభిప్రాయం. నాకు తెలుగు రాయడం నేర్పింది కూడా ఆవిడే. ఇందులో తప్పులుంటే అవి ఆవిడవే.

ఈ ఇటుకల పిచ్చి ఒక అరుపుతో మొదలైంది. ఒకనాడు ఆవిడ హాల్లో చెప్పుల్లేకుండా నడుస్తూ నా పాత లెగో ముక్క మీద కాలు వేసింది. పక్కింటి కుక్క కూడా భయపడేలా అరిచింది. తర్వాత కుంటుకుంటూ వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని, ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది.

"నా బరువంతా పడినా చెక్కు చెదరలేదే! వస్తువంటే ఇదీ" అంది ఎంతో గౌరవంగా.

అప్పటినుంచి మా ఇంటి పద్ధతి మారిపోయింది. గరాజ్ సేల్‌లో బకెట్లకొద్దీ పాత ఇటుకలు కొంటుంది. దిండు గలీబులో పోసి మూతి కట్టి వాషింగ్ మెషీన్‌లో వేస్తుంది. వెనక చెక్క డెక్ మీద పాత నేతచీర పరిచి వడియాల్లా ఆరబెడుతుంది. ఆరాక చేటలో పోసుకుని నేల మీద కూర్చుంటుంది. నేను రంగుల వారీగా వేరు చేయబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"రంగు చూసి ఏరేవాడు బియ్యంలో రాయి ఏరలేడు. ఆకారం చూడు."

ఇలాంటి తీర్పులు ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి. గమ్‌తో అంటించడం ఘోరమైన పాపం, విప్పడానికి వీల్లేనిది బొమ్మ కాదు, సమాధి. స్టిక్కర్లు అంటించడమంటే సున్నం వేయడానికి బద్ధకించి గోడకు సినిమా పోస్టర్ కొట్టడం. తప్పిపోయిన ముక్కను ఆన్‌లైన్‌లో తెప్పించుకోకూడదు, తెప్పించుకున్న ముక్క పట్టదు. ఎందుకు పట్టదని అడిగితే "పట్టదంతే" అంటుంది. ఇవి కాక, ఇటుకలతో ఏ సంబంధమూ లేని ఒక ద్వేషం కూడా ఉంది. రెస్టారెంట్ వాళ్లు కూరలు పోసిచ్చే ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తే చాలు, ఆవిడ ముఖం ముడుచుకుంటుంది.

మా ఊళ్లో తెలుగు ఇటుకల సంఘం అని ఒకటి ఉంది. నెరిసిన గడ్డాల సాఫ్ట్‌వేర్ వాళ్లు నెలకోసారి కలుసుకుని బొమ్మల గురించి చాలా సీరియస్‌గా మాట్లాడుకుంటారు. దాని ప్రెసిడెంట్ కృష్ణమోహన్ అంకుల్. ఆయన ఒక్క పెట్టె కూడా విప్పరు. ఆయనకూ అమ్మమ్మకూ మొదటి మీటింగ్‌లోనే చెడింది.

"ఆంటీ, సీల్ ఓపెన్ చేస్తే వాల్యూ పోతుంది."

"సీల్ విప్పకపోతే అసలు బొమ్మే లేదు కదా నాయనా. శుభలేఖని పీటల మీద కూర్చోబెట్టి తాళి కట్టిస్తారా ఎవరైనా?"

"దీన్ని కలెక్టింగ్ అంటారు ఆంటీ."

"గోడౌన్ అంటారు."

ఆ గొడవ అక్కడితో ఆగేదేమో కానీ, మధ్యలో పులిహోర వచ్చింది. తలా ఒక వంటకం తెచ్చుకునే సంఘం పాట్‌లక్‌కి అమ్మమ్మ పులిహోర చేసింది. కృష్ణమోహన్ అంకుల్ ఎండుమిరపకాయ అనుకుని ఒకటి కొరికారు. అది విరగలేదు. ఆయన పన్ను విరిగినంత పనైంది. నోట్లోంచి తీసి చూస్తే ఎర్ర నిచ్చెన. ఎదురుగా కూర్చున్న శశికాంత్ అంకుల్ ఆ నిచ్చెనను చూసి లేచి నిలబడ్డారు.

"ఇది మా ఫైరింజన్‌దే! ఆంటీ, ఎక్కడో పడిపోయింది, వెతికి ఉంచుతా, వచ్చి తీసుకెళ్లు అన్నారు కదా?"

అమ్మమ్మ తొణకలేదు. "దొరికింది కదా, తీసుకో. కడుక్కుని పెట్టుకో" అంది.

ముక్కలు పోవడం లేదని, పోపుల డబ్బాలో ఎర్రవి మిరపకాయల్లో, పసుపుపచ్చవి శనగపప్పులో దాక్కుంటున్నాయని అందరికీ ఆ పూట తెలిసిపోయింది. కృష్ణమోహన్ అంకుల్ నోరు పుక్కిలించి వచ్చి, అక్కడికక్కడే ఒక రూల్ ప్రకటించారు. ముక్కలు దాచుకునేవాళ్లకు ఈసారి లైబ్రరీ హాల్లో జరిగే ఎగ్జిబిషన్‌లో టేబుల్ ఇవ్వరు. దాచినవన్నీ శనివారంలోగా తిరిగి ఇచ్చేస్తే అప్పుడు ఆలోచిస్తారు.

ఇక్కడ నేను నవ్వు ఆపి ఒక మాట చెప్పాలి. ఆ ఎగ్జిబిషన్ కోసం అమ్మమ్మ ఏడాదిగా ఒక గాలిగోపురం కడుతోంది. దొరికిన గోధుమరంగు ముక్కనల్లా ఏరి, కడిగి, అంతస్తు మీద అంతస్తు పేర్చింది. అది ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. నడుం నొప్పితో వంగలేని రోజున కూడా స్టూల్ మీద కూర్చుని ఒక వరస పెట్టి పడుకునేది. ఆవిడ చేతిపని మా ఇంటి గోడలు దాటి పదిమంది ముందుకు వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ రోజు కట్టుకోవడానికి ఇస్త్రీ చేసిన చీర వారం ముందే హ్యాంగర్‌కి ఎక్కింది.

"ఇచ్చెయ్ అమ్మమ్మా. అన్నీ ఒక కవర్‌లో వేసివ్వు, నేను అందరిళ్లలో డ్రాప్ చేసి వస్తా" అని బతిమాలాను.

"ఎవరి ముక్క వాళ్లొచ్చి తీసుకోవాలి."

"టేబుల్ పోతుందే!"

"పోతే పోనీ. గోపురం ఇంట్లోనే ఉంటుంది."

అలా అన్నదే కానీ, ఆ సాయంత్రం హ్యాంగర్ మీది చీర తీసి బీరువాలో పెట్టేసింది. నేను చూడలేదనుకుంది.

మర్నాడు నా చేతికి ఒక సెట్ ఇచ్చి కృష్ణమోహన్ అంకుల్‌కి ఇచ్చి రమ్మంది. అది లైట్‌హౌస్.

"లంచమా?"

"నోర్మూసుకుని వెళ్లు."

ఆయన ఇల్లు చాలా పెద్దది. గోడ పొడుగునా సీల్ విప్పని పెట్టెలు, వాటి మీద దుమ్ము పడకుండా కవర్లు. ఆయన భార్య ఉజ్వల ఆంటీకి డాలస్‌లో ఉద్యోగం. కూతురు హంసిక కాలేజీకి వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి ఆయన వంటింటి సింక్ దగ్గర నిలబడి పాలలో సీరియల్ పోసుకుని తింటున్నారు. రాత్రి భోజనానికి. పెట్టె అందుకుని "దీనికి సీల్ లేదే" అన్నారు దిగులుగా.

సీల్ లేనిదాన్ని దాచి ఏం లాభం అనుకున్నారేమో, కట్టేశారు. శుక్రవారం సాయంత్రం ఫోన్ కూడా చేయకుండా మా బెల్ కొట్టారు.

"ఆంటీ, లైట్‌హౌస్‌లో దీపం లేదు."

"అన్నం తిన్నావా?"

"నేను దీపం కోసం వచ్చాను."

"దీపం ఎక్కడికీ పోదు. వంకాయ కూర చల్లారిపోతుంది. చేతులు కడుక్కో."

"ఆంటీ, విత్ ఆల్ రెస్పెక్ట్, నేను ప్రెసిడెంట్‌గా..."

"ప్రెసిడెంట్లు చేతులు కడుక్కోరా?"

ఆయన కడుక్కున్నారు. దీపం తీసి ఆయన కంచం పక్కన పెట్టి, అమ్మమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా మళ్లీ బెల్ మోగింది. త్రివేణి.

త్రివేణి రోడ్డవతల అపార్ట్‌మెంట్లలో ఉంటుంది. కరీంనగర్ నుంచి వచ్చి ఎం.ఎస్. చేసింది. ఉద్యోగం వచ్చింది, పోయింది. అమ్మమ్మ ఆమెకు ఒక చిన్న ఇల్లు సెట్ ఇచ్చి తలుపు ఉంచేసుకుంది. ఆమె వచ్చి తలుపు తీసుకువెళ్లింది. మళ్లీ వారం తలుపు పోయిందని వచ్చింది. ఆ తర్వాతి వారం కూడా. వచ్చిన ప్రతిసారీ అమ్మమ్మ అన్నం పెట్టి, ఇంకో తలుపు ఇచ్చి పంపేది. జార్జియా మొత్తం మీద ఇంత అజాగ్రత్త మనిషి ఉండదని నేను తీర్మానించుకున్నాను.

"అమ్మమ్మా, తలుపు మళ్ల పోయింది. ఎట్ల పోయిందో సమజైతలేదు" అంటూ లోపలికి వచ్చి, బ్యాగ్ కుర్చీకి తగిలించబోయింది. బ్యాగ్ జారి తాళంచెవులు కింద పడ్డాయి. వాటితోపాటు టక్కుమని ఇంకొకటి పడింది.

కృష్ణమోహన్ అంకుల్ వంగి తీశారు. నీలం రంగు తలుపు.

"ఇది తలుపే కదా?"

త్రివేణి ముఖం ఎర్రబడింది.

"ఇల్లు ఎప్పుడో పూర్తయింది అంకుల్" అంది. "తలుపు దొరికిందంటే ఇగ ఈడికి ఏమని రావాలె? రూమ్మేట్స్ అందరు వేరే స్టేట్స్‌కి పోయిండ్రు. ఒక్కోరోజు పొద్దటి సంది నేను ఒక్క మాట గూడ మాట్లాడను. అమ్మ ఫోన్ చేసి తిన్నవా అంటే, తిన్న అని అబద్ధం చెప్త. ఈడికొచ్చిన రోజు నిజం చెప్త."

అమ్మమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. అంకుల్ చేతిలోంచి తలుపు తీసుకుంది. పోపుల డబ్బా తెరిచి, ఆవాల గిన్నెలో పెట్టి, మూత వేసేసింది.

"నీ దగ్గర ఊరికే పోతోంది. ఇక నా దగ్గరే ఉండనీ. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. ఇప్పుడు కూర్చో."

కృష్ణమోహన్ అంకుల్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆంటీ, అంటే మీరు కావాలనే..."

"మరి? పొరపాటున అయితే ప్రతి పెట్టెలోనూ కొలిచినట్టు ఒక్కటే పోతుందా?" అమ్మమ్మ ఆయన కంచంలో నెయ్యి వేసింది. "మా తణుకులో కూర పంపిస్తే గిన్నె ఇవ్వడానికి వచ్చేవారు నాయనా. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని వాళ్లు ఏదో ఒకటి వేసి తెచ్చేవారు. ఆ గిన్నె ఇవ్వడానికి నేను వెళ్లేదాన్ని. ఇక్కడ ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టిస్తే తిని పారేస్తారు. ఎప్పుడైనా రండి అంటే 'ష్యూర్ ఆంటీ' అంటారు. ఆ ష్యూర్ ఒక్కటీ ఇంతవరకు మా గుమ్మం ఎక్కలేదు. ఊరికే రావడానికి అందరికీ మొహమాటం. పని మీదైతే వస్తారు."

అంకుల్ తలవంచుకుని తిన్నారు. మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. సీరియల్ తినే మనిషి అంత తినగలడని నేను అనుకోలేదు.

వెళ్లేటప్పుడు దీపం కంచం పక్కనే మిగిలిపోయింది. ఆయన దాన్ని చూడటం నేను చూశాను. చూసి కూడా చెప్పులు వేసుకున్నారు.

"అంకుల్, మీ దీపం!"

"మళ్లీ తీసుకుంటాలే అమ్మా" అన్నారు. గుమ్మం దిగి, వెనక్కి తిరిగి, "ఆంటీ, ఆదివారం ఏం కూర?" అని అడిగారు.

శనివారం లైబ్రరీ హాల్లో మధ్య టేబుల్ మీద మా గోపురం నిలబడింది. బీరువాలోని చీర బయటికి వచ్చింది. కృష్ణమోహన్ అంకుల్ మైక్ పట్టుకుని, ఏదో రాజ్యాంగాన్ని సవరిస్తున్నంత గంభీరంగా, ముక్కలు దాచుకునే సభ్యుల ఇళ్లకు మిగతా సభ్యులు స్వయంగా వెళ్లి తెచ్చుకోవాలని రూల్ మార్చారు. చప్పట్లు అయ్యాక గోపురాన్ని కింది నుంచి పై దాకా చూసి, ఆగిపోయారు.

"ఆంటీ, పైన ఒక కలశం తక్కువైనట్టుంది?"

"తక్కువే" అంది అమ్మమ్మ.

ఆ రోజు కలశం ఏదని అడిగిన ప్రతివాళ్లకూ త్రివేణి మా ఇంటి అడ్రస్ చెప్పింది. ఆదివారం నేను పప్పు గిన్నె మార్చి పెద్దది పెట్టాల్సి వచ్చింది.

ఇదంతా రాసి, చివర ఒక అద్భుతమైన వాక్యం కూడా పెట్టాను. అలాంటి వాక్యం నేను మళ్లీ రాయగలనని అనుకోను. చదివి వినిపిద్దామని వంటింట్లోకి వెళితే, అమ్మమ్మ కాగితాలు లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, పోపు మాడుతున్నా పట్టించుకోకుండా మొత్తం చదివింది. నేను మెప్పు కోసం ఎదురుచూశాను.

"తాజ్‌మహల్ సంగతి మరీ ఎక్కువ. తప్పులు నావి కావు, నీవే. ఆ చివరి వాక్యం చింపి నాకియ్యి, పోపుల డబ్బాలో ఉంటుంది. కావలసినవాళ్లు అన్నం వేళకి వస్తారు."