ఇసుయే పక్షాన షాహిస్తా

కోట బజారులో చాంద్‌బీ మగ్గం వర్క్ అంగడికి బ్లౌజు ఇవ్వడానికి వెళ్లినవాళ్లు కాస్త జపాన్ కథ కూడా విని వచ్చేవాళ్లు. చాంద్‌బీ కూతురు షాహిస్తా చెక్క చట్రానికి బిగించిన పట్టుగుడ్డ మీద వంగి పూసలు కుడుతూనే కథ చెప్పేది. చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు.

ఆ కథ పేరు 'ఏడు దీవుల ఓడ'. జపాన్‌లో నెలనెలా ఒక భాగం చొప్పున ఏళ్ల తరబడి వస్తున్న బొమ్మల కథ. షాహిస్తా ఎనిమిదో తరగతిలో ఉండగా చాంద్‌బీ చెల్లెలి కొడుకు నవీద్ చెన్నైలో పాత పుస్తకాల అంగట్లో కొన్న ఇంగ్లీషు సంపుటం ఒకటి తెచ్చిచ్చాడు. "తలకిందులు పుస్తకం ఇది, కుడి పక్కనించి చదవాలంట. నాకు తల తిరిగిపోయింది" అన్నాడు. షాహిస్తాకి తిరగలేదు. మదరసాలో అరబ్బీ అక్షరాలు దిద్దిన పిల్ల, కుడి నుంచి ఎడమకి చూపు దానంతట అదే నడిచింది. ఇంగ్లీషే కష్టమయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని బొమ్మల పక్కన ఒక్కో బుడగలో రాసిన మాట విప్పుకుంటూ పోయింది.

ఆ పుస్తకంలో ఇసుయే కనిపించింది. దీపస్తంభం కాపలావాడి కూతురు, పొట్టి జుట్టు, మొండి ముక్కు. ఓడకి చుక్కాని పట్టేది ఆమే. తుఫానులో లంగరు చిక్కుకుని ఓడ మునిగేలా ఉంటే, మగవాళ్లంతా వద్దని అరుస్తున్నా కత్తి నోట కరచుకుని నీళ్లలోకి దూకి తాడు కోసింది. పైకొచ్చి, ఆగమన్న కథానాయకుడు తోకుజి ముఖం మీదే, "చుక్కాని నా చేతిలో ఉంది. ఓడ నేను చెప్పినట్టు పోతుంది" అన్నది. ఆ పేజీ షాహిస్తా ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు.

తరువాత ఫోను వచ్చింది, కొత్త భాగాలు వచ్చిన రోజే చదివే వీలు వచ్చింది. అప్పుడే యూట్యూబులో తెలుగులో ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ముఖం కనపడదు. గుడ్డ మీద సూది ఆడించే చేతులు, వెనక ఆమె గొంతు, అంతే. తిరుపతి నుంచి, ఒంగోలు నుంచి జనం వినేవాళ్లు. నెల్లూరులో సుధాకర్ అనే కుర్రాడు నడిపే తెలుగు అభిమానుల గ్రూపు ఆమె వీడియోలని నెత్తిన పెట్టుకుంది.

ఇసుయే మాత్రం మారుతూ వచ్చింది. మొదట చేతికి గాయమైందని నాలుగు నెలలు ఒడ్డున కూర్చుంది. కోలుకుంటుందిలే అనుకుంది షాహిస్తా. కోలుకున్నాక తోకుజికి కట్లు కట్టడం పనైంది. తరువాత అతను వచ్చేదాకా రేవులో ఎదురుచూడటం పనైంది. పొట్టి జుట్టు నడుము దాకా పెరిగింది, మొండి ముక్కు బొట్టంత అయింది. కొత్త ఆడమనిషి ఓడ ఎక్కితే అలగడానికి ఒక భాగమంతా ఖర్చయింది. ప్రతిసారీ షాహిస్తా వినేవాళ్లకి సర్దిచెప్పింది. "ఆ రచయిత ఊరికే చేయడు, ఏదో దాచిపెట్టుకోని ఉంటాడు, చూస్తా ఉండండి" అనేది. అలా ఏళ్లు సర్దిచెప్పింది.

పోయిన ఆషాఢంలో, అంగట్లో పని పలచబడ్డ రోజుల్లో, ఆ భాగం వచ్చింది. మళ్లీ తుఫాను, మళ్లీ లంగరు చిక్కుకుంది. రచయిత ఇన్నాళ్లూ దాచింది ఇందుకే అనుకుంది షాహిస్తా. కానీ ఇసుయే తెరచాప కొయ్యని వాటేసుకుని "తోకుజీ!" అని ఏడుస్తూ నిలబడింది. దూకినవాడు తోకుజి. తాడు కోసినవాడు తోకుజి. అతను పైకొచ్చాక ఇసుయే నవ్వి చుక్కాని అతని చేతిలో పెట్టి, "ఇంక నేను దారి చూడక్కర్లేదు. నువ్వున్నావుగా" అన్నది.

షాహిస్తా ఫోను బోర్లించి పెట్టింది. తరువాత మగ్గం ముందు కూర్చుని రికార్డు నొక్కింది. సూది పట్టుకోలేదు. ఖాళీ చేతులు గుడ్డ మీద పెట్టి మాట్లాడింది.

"ఇది ఇసుయే కాదు. పేరు అదే, మనిషి వేరు. మనిషి మారితే నాకు బాధ లేదు, ఎందుకు మారిందో చూపించాలి గదా? ఎవరు భయపెట్టినారు ఆమెని? ఏ పేజీలో? నేను అన్ని పేజీలూ చదివినా. లేదు. రచయితకి తోకుజిని పెద్దవాడిని చేయాల్సొచ్చి ఈమెని చిన్నది చేసినాడు. ఇన్నేళ్లు మీకు సర్దిచెప్పినాను, ఇంక చెప్పను."

రెండు రోజుల్లో వీడియో కింద తిట్లు పుట్టలా పెరిగాయి. ఆడపిల్ల మెత్తబడటమే ఎదగడం అని ఒకడు. చేతనైతే నువ్వే గీయి అని ఒకడు. వంటింట్లోకి పో అని చాలామంది. వీడియో ఎలా చేరిందో నాయుడుపేటలో ఉండే పెద్దబ్బాకి, అంటే చనిపోయిన తండ్రి మీరావలి అన్నకి, చేరింది. ఆయన ఫోను చేసి చాంద్‌బీని పట్టుకున్నాడు. "ఎవరెవరో దాన్ని నోటికొచ్చినట్టు అంటా ఉండారు. మన ఇంటి పిల్లకి ఎందుకీ గొడవ? తీసేయమను" అన్నాడు.

చాంద్‌బీ "సరే బావా, అడుగుతా" అని ఫోను పెట్టేసింది. కుట్టుమిషను ఆపి కూతురి వైపు తిరిగింది.

"తీసేస్తావా?"

"తీయను అమ్మీ."

అరుస్తుందనుకుంది షాహిస్తా. చాంద్‌బీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మీ అబ్బా పోయినాక మీ పెద్దబ్బా వచ్చినాడు, నీకు గుర్తుందా? ఇల్లు బాడుగకిచ్చేసి నాయుడుపేట వచ్చేయండి, నా ఇంట్లో ఒక పక్కన పడుంటారు అన్నాడు. మంచికే అన్నాడులే. నేను ఒప్పుకుందామనే అనుకున్నా. బదులు చెప్పే ముందురోజు నేను ఏడుస్తా ఉంటే నీకేం చేయాలో తెలీక ఆ పుస్తకం తెచ్చి కథ చెప్పినావు. ఆ పిల్ల నీళ్లల్లో దూకేది. నాకు సగం అర్థం కాలా. కానీ చుక్కాని నా చేతిలో ఉండాది అన్నది చూడు, అది మాత్రం పట్టుకుంది నన్ను. తెల్లారి మీ పెద్దబ్బాతో, 'మిషను నా చేతిలో ఉండాది బావా, మేం ఇక్కడే బతుకుతాం' అన్నా."

అమ్మ ఆ రోజు అంత ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుందో అని షాహిస్తా ఎన్నోసార్లు అనుకుంది గానీ, ఎప్పుడూ అడగలేదు.

"మరి ఇప్పుడేమో ఆ పిల్ల చుక్కాని ఇచ్చేసి నవ్విందంటివి" అన్నది చాంద్‌బీ. "నాకే కడుపు మండిపోతా ఉండాది. నువ్వు తీయబాకు."

ఆ ఆదివారం నెల్లూరులో అభిమానుల గ్రూపు కలిసింది. మాగుంట లేఅవుట్‌లో ఒక టిఫిన్ హోటలు పైఅంతస్తు. షాహిస్తాని పిలిచారు. ఆమె బస్సెక్కి ఒక్కతే వెళ్లింది. ముప్పై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది మగపిల్లలు. సుధాకర్ మర్యాదగానే కుర్చీ చూపించాడు.

"షాహిస్తా గారూ, మీ గొంతు వినే మేం చాలామంది ఈ కథలోకి వచ్చినాం. కాదనను. కానీ మీరు రచయితని అవమానించినారు. ఆయన ఇన్నేళ్లు ఒళ్లు హూనం చేసుకోని గీస్తా ఉండాడు. ఒక్క క్షమాపణ వీడియో పెట్టండి, అంతా సర్దుకుంటది."

"లేకపోతే?"

"గ్రూపులో మీ వీడియోలు పెట్టం."

వెనక నుంచి ఒకడు, "గీయడం చేతనవునా ఆమెకి?" అన్నాడు. కొందరు నవ్వారు.

షాహిస్తా లేచి అతని వైపే తిరిగింది. "చేతకాదు. నేను చదివేదాన్ని. మా అంగడికి వచ్చినామె బ్లౌజు చంక దగ్గర పట్టేస్తా ఉండాదంటే, 'నీకు కుట్టడం వచ్చా' అని నేను అడగను. విప్పి చూస్తా. తొడుక్కునేది ఆమె గదా?"

"ఆయన కష్టం నాకు తెలుసు" అన్నది సుధాకర్‌తో. "నేనూ మెడ వంచి పని చేసేదాన్నే. కష్టపడినాడని తప్పు కుట్టు ఒప్పు కుట్టు అవదు. ఇసుయేని చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఉండారు, సార్. వాళ్ల తరఫున ఒక్కరన్నా అడగాల గదా. నేను అడిగినా. క్షమాపణ చెప్పను."

ఆమె సంచి తీసుకుని మెట్లు దిగింది. వెనకాల ఎవరో దిగుతున్న చప్పుడైంది. బోగోలు నుంచి వచ్చిన స్వర్ణ అనే కాలేజీ పిల్ల. "నేనూ వచ్చేస్తా అక్కా" అన్నది. ఇద్దరూ బస్టాండు దాకా ఆటోలో వెళ్లారు. దారంతా ఇసుయేని రచయిత ఎక్కడెక్కడ దిగలాగాడో మాట్లాడుకున్నారు. ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు.

సుధాకర్ అన్నంత పనీ చేశాడు. వినేవాళ్లు సగానికి సగం పోయారు. కొన్ని నెలల తరువాత ఇసుయే ఓడ దిగి రేవులో నావికులకి పూటకూళ్ల ఇల్లు పెట్టిన భాగం వచ్చింది. ఆ రోజు సుధాకర్ దగ్గర నుంచి ఒకే ముక్క వచ్చింది: "ఇది మరీ అన్యాయం అండీ." గ్రూపులోకి మళ్లీ రమ్మని అందులో లేదు. షాహిస్తా కూడా అడగలేదు. "నేను చెప్పేది వినండి, అంతకంటే ఏం వద్దు" అని జవాబిచ్చింది.

మానేయొచ్చు కదా అని అంగడికి వచ్చే పోలేరమ్మ ఒకసారి అడిగింది. ఇంత కోపం పెట్టుకుని ఇంకా ఆ కథ చదవడమెందుకని. "నేను పోతే ఆమెని గుర్తుపెట్టుకోని ఉండేదెవరు పిన్నీ?" అన్నది షాహిస్తా. "మొదటి ఇసుయే ఎట్టా ఉండేదో తెలిసినవాళ్లు ఒకరన్నా చివరిదాకా కూర్చోవాల."

కథ ఇంకా వస్తూనే ఉంది. నెల మొదట్లో కొత్త భాగం వచ్చిన మధ్యాహ్నం చాంద్‌బీ మిషను ఆపేస్తుంది, చప్పుడు రికార్డులో పడకుండా. షాహిస్తా చట్రం ముందు కూర్చుని సూదికి దారం ఎక్కిస్తుంది.

"ఈ నెల కూడా ఇసుయేకి అన్యాయమే జరిగింది" అని మొదలుపెడుతుంది. "ఎక్కడెక్కడ జరిగిందో చెప్తా, వినండి."