అంగీ విప్పి చూడమన్న గొంతు

శవాల గదికి ఒంటరిగా వెళ్లొచ్చిన నర్సుని నేను. దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నవ్వొచ్చేది. ఇది ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇప్పటికీ ఒళ్లు మండుతోంది కాబట్టి చెబుతున్నాను.

తొంభైల చివర్లో కొండాపూర్ దగ్గర ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీ చేసేదాన్ని. చుట్టూ బండలు పేల్చి ఐటీ బిల్డింగులు కడుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఓ మేస్త్రీ బాలయ్య అనే పాలమూరు కూలీని జీపులో తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. పైనుంచి జారిన ఇనుప పైపు రొమ్ముకు తగిలిందట.

"నెత్తురు గిట్ల ఏం రాలే సార్. నొప్పి అని కూడా అంటలేడు. జర ఒక సూది ఇయ్యుండ్రి, పనికి తోలుకపోత."

మా డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "రక్తం లేదుగా సిస్టర్, ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయండి," అన్నాడు. మేస్త్రీ బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు.

మా దగ్గర ఒక దిక్కుమాలిన అలవాటు ఉండేది. సిమెంటు పట్టిన కూలీల చొక్కాలు విప్పించేవాళ్లం కాదు, పైనుంచే స్టెతస్కోపు ఆనించేవాళ్లం. నేనూ అదే చేయబోయాను.

"అక్కా, అంగీ ఇప్పి సూడు. ఎడమ దిక్కు గాలి పోతలేదు."

స్పష్టంగా విన్నాను. బెంచీ మీద అతనొక్కడే ఉన్నాడు, తల వంచుకుని ఆయాసపడుతూ.

గుండీలు తెంపేశాను. కుడి రొమ్ము లేస్తోంది, ఎడమది కదలడం లేదు. మెడ నరాలు ఉబ్బాయి. గొంతు దగ్గర శ్వాసనాళం కుడికి జరిగింది. ఎడమవైపు వేలితో తడితే ఖాళీ డబ్బా మోత, స్టెతస్కోపు పెడితే ఊపిరే లేదు. ఊపిరితిత్తికి చిల్లుపడి, గాలి రొమ్ములో చిక్కుకుని దాన్నే నొక్కేస్తోంది. నేను అరిచిన అరుపుకి డాక్టరు పరుగున వచ్చాడు. పక్కటెముకల మధ్య పెద్ద సూది గుచ్చగానే బుస్సుమని గాలి బయటికొచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు.

సాయంత్రం అతని భార్య వచ్చింది. "మీ ఆయన నోరు తెరిచి చెప్పాడు కాబట్టి బతికాడమ్మా," అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆయన పుట్టు మూగోడు సిస్టరమ్మా. మాటెట్లొస్తది?"

మేస్త్రీ పక్కనే ఉన్నాడు. ఈ సంగతి తెలుసా అని అడిగితే, తెలుసన్నాడు. రెండేళ్లుగా తన దగ్గరే పనట! మూగవాడు నొప్పి అనలేదని సాక్ష్యం చెప్పాడు ఆ పెద్దమనిషి. చెంప పగలగొట్టాలనిపించింది. ముందు అతనిది, తర్వాత మా డాక్టరుది, ఆ తర్వాత నాది.

ఆ గొంతు ఎవరిదో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగడం లేదు. కానీ చదువుకున్న మా ఇద్దరికీ కళ్లున్నాయి, చేతులున్నాయి. ఒక్క చొక్కా విప్పడానికి మాకు ఎవరో వచ్చి చెప్పాల్సి వచ్చింది.