కైకరం దగ్గర ఆగిపోయిన కారు

మా కారు తొంభై తొమ్మిది మోడలు. నాలుగేళ్ళు తిరిగాక తణుకులో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాను. తెల్లది, చిన్నది, పెట్రోలుది. నలుగురు కూర్చుంటే నిండిపోయేది. తాడేపల్లిగూడెంలో మా వీధి మొత్తానికి అదే మొదటి కారు. దాంతో నాకు కాస్త తల తిరిగింది. ఈ మాట ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు. ఒప్పుకోవలసినవి ఇంతకంటే పెద్దవి ఉన్నాయి.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చిన్న ఉద్యోగిని. రెండు నెలలు తిరిగేసరికి పెట్రోలు పోయించడం నా వల్ల కాలేదు. అప్పట్లో చిన్న కార్లున్న చాలామంది చేసిన పనే నేనూ చేశాను. వంటింటి గ్యాసు మీద నడిచేలా కిట్టు పెట్టించాను. డిక్కీలో ఎర్ర సిలిండరు పడుకోబెట్టి, దానిమీద పాత దుప్పటి కప్పి తిరిగేవాణ్ణి. స్టీరింగు కింద చిన్న స్విచ్చి ఉండేది. పైకి నొక్కితే గ్యాసు, కిందకి నొక్కితే పెట్రోలు. అది నేరమని తెలుసు. ప్రమాదమనీ తెలుసు. రోడ్డు మీద ఖాకీ బట్టలు కనిపిస్తే పక్క సందులోకి తిప్పేసేవాణ్ణి, అయినా మానలేదు. ఆఫీసులో ఒకాయన, "మీ కారు వెనకాల నడిస్తే ఆకలేస్తందండీ" అనేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

కిట్టు బిగించిన మెకానిక్కు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. వారానికోసారైనా పెట్రోలు మీద కొంతదూరం నడపమనీ, లేకపోతే కార్బరేటరు ఎండిపోయి అవసరానికి పెట్రోలు అందుకోదనీ. సరేనన్నాను. ఒక్కసారి కూడా నడపలేదు.

మా కనెక్షనుకి ఇచ్చిన రెండు సిలిండర్లలో ఒకటి కారుదైపోయింది. బుక్ చేస్తే కొత్తది రావడానికి మూడు వారాలు పట్టేది. ఈలోగా పొయ్యిమీదది అయిపోతే మా ఆవిడ కిరసనాయిలు స్టవ్వు వెలిగించుకునేది. పొద్దున్నే ఆ పొగలో క్యారేజీ సర్దుకుని స్టేషనుకి పరుగెత్తేది. ఆమె కొల్లేటి లంక గ్రామంలో టీచరు. గూడెంలో ప్యాసింజరు ఎక్కి, భీమడోలులో దిగి, అక్కణ్ణించి ఆటోలో చేపల చెరువు గట్ల మీదుగా వెళ్ళాలి. వానాకాలం రోడ్డు మునిగితే దోనె ఎక్కాలి. అలా ఆరేళ్ళు చేసింది.

ఆ ఏడు ఏలూరులో బదిలీల కౌన్సెలింగు పెట్టారు. అదెలా జరిగేదో తెలియనివాళ్ళకి చెప్పాలి. టీచర్లందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. పిలిచిన మనిషి లేచి, ఖాళీల్లోంచి తనకి కావలసిన బడిని కోరుకోవాలి. పిలిచినప్పుడు హాల్లో లేకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు. గూడేనికి దగ్గర్లో, సైకిలు మీద కూడా వెళ్ళగలిగిన బడిలో ఒక్క ఖాళీ ఉంది. లెక్క చూసుకుంటే ఆమె వంతు వచ్చేవరకు దాన్ని అడిగేవాళ్ళెవరూ లేరు. ఆమె ఆ బడి చుట్టుపక్కలకి వెళ్ళి, బయటినుంచి చూసి కూడా వచ్చింది.

సోమవారం పదింటికి కౌన్సెలింగు. ఎప్పటిలా ప్యాసింజరులో వెళ్ళిపోతానంది. నేను ఒప్పుకోలేదు. టీచర్లందరి ముందూ కారు దిగాలి అన్నాను. కారు దిగడం ఆమెకి కావాలో నాకు కావాలో అప్పుడు ఆలోచించలేదు.

శనివారం సిలిండరుకి తడిగుడ్డ పెట్టి తుడిచి చూశాను. గ్యాసు ఉన్నంతమేర తడి ఆలస్యంగా ఆరుతుంది. మూడో వంతు ఉంది. ఏలూరు వెళ్ళడానికి చాలు. ఆదివారం ఆరాధనయ్యాక మా మరదలు కుటుంబం భోజనానికి వచ్చింది. కోడి పలావు సగంలో ఉండగా పొయ్యిమీద సిలిండరు అయిపోయింది. కారులోది తెచ్చి పెట్టాను. గంట, గంటన్నర మండిందేమో. భోజనాలయ్యాక మళ్ళీ డిక్కీలోకి చేర్చాను. "రేపటిదాకా ఇంక బండి కదపకండి" అంది మా ఆవిడ.

సాయంత్రం టైర్లలో గాలి చూపించుకొస్తానని చెప్పి, నల్లజర్ల వెళ్ళాను. అక్కడ నాతో పనిచేసే ఒకాయన ఉండేవాడు. నా కారు ఎత్తెక్కదని ఆఫీసులో ఎగతాళి చేశాడు. ఎక్కుతుందని చూపించడానికే వెళ్ళాను. ఆయన్ని, ఆయన పిల్లల్ని ఎక్కించుకుని ఆ మెట్ట రోడ్ల ఎత్తుల మీద రెండు చుట్లు తిప్పాను. ఇంటికొచ్చి, గాలి సరిపోయింది అన్నాను. తడిగుడ్డ పెట్టి చూడాలని తోచింది. చూస్తే నల్లజర్ల సంగతి నాకు నేనైనా చెప్పుకోవాలి. చూడలేదు.

మర్నాడు ఎనిమిదింటికి బయల్దేరాం. ఆమె కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. ఉంగుటూరు దాటి కైకరం దగ్గరికి వచ్చేసరికి కారు రెండుసార్లు కుదిపి, ఊపిరి వదిలేసింది. స్విచ్చి కిందకి నొక్కాను. సెల్ఫ్ తిరుగుతోందే తప్ప ఇంజను అందుకోవడం లేదు. బానెట్ ఎత్తాను. ఏం చూడాలో తెలియక ప్రతి పైపునీ పట్టుకుని చూశాను. కార్బరేటరు మీద నోటితో ఊదాను. వెనక్కి వెళ్ళి తోశాను. ఆమె కూడా ఫైలు సీటుమీద పెట్టి, కొంగు దోపుకుని తోసింది.

"బస్సెక్కేస్తానండీ" అంది.

"రెండు నిమిషాలు."

పొలాల అవతల పట్టాల మీద ఆమె రోజూ ఎక్కే ప్యాసింజరు ఏలూరు వైపు వెళ్ళిపోయింది. ఇద్దరం చూశాం. తర్వాత రెండు బస్సులు వెళ్ళాయి. ఆమె అడిగిన ప్రతిసారీ నేను రెండు నిమిషాలనే అన్నాను. ఆమె బస్సెక్కితే నా కారు ఓడిపోయినట్టు నాకు అనిపించింది. తొమ్మిదిన్నర దాటింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తనని తానే నిందించుకుంది.

"నిన్న పలావు వండకుండా ఉండాల్సిందండీ. గ్యాసంతా నేనే తగలేశాను."

పలావుకి ఎంత గ్యాసు అవుతుందో నాకు తెలుసు. అది ఈ కారుని ఏడెనిమిది కిలోమీటర్లు కూడా లాగదు. అలాంటప్పుడు నేను అన్న మాట ఇది:

"చెప్తే విన్నావా?"

నేను ఆమెకి ఏమీ చెప్పలేదు. వినడానికి అక్కడ మాటే లేదు. అయినా ఆమె తల వంచుకుంది. పది దాటాక మూడో బస్సుని తనే చెయ్యెత్తి ఆపి ఎక్కేసింది.

ఏలూరులో హాలు చేరేసరికి ఆమె పేరు రెండుసార్లు పిలిచి వదిలేశారట. ఆ ఖాళీని తర్వాతి వరసలో ఉన్న ఒకావిడ కోరుకుంది. మిగిలినవాటిలో ఏదీ లంకకంటే దగ్గర కాదు. సంతకం పెట్టకుండా వచ్చేసింది.

మళ్ళీ కౌన్సెలింగు మూడేళ్ళకి గానీ రాలేదు. ఆ మూడేళ్ళూ ఆమె భీమడోలులో దిగుతూనే ఉంది. వాన వస్తే మోకాళ్ళదాకా తడిసి వచ్చి, ఆ బురద చీరలు తనే ఉతుక్కునేది. ఎవరైనా బదిలీ సంగతి ఎత్తితే, "నా జిహ్వ చాపల్యం వల్ల పోయిందండీ, పలావు తిని బడి పోగొట్టుకున్నాను" అని తనమీద తనే వేసుకుని నవ్వించేది. తోటి టీచర్లు ఆమెకి పలావు టీచరని పేరు పెట్టారు. మా ఇంటికొస్తే, "ఇవాళ ఏం వండలేదు కదండీ, రేపు మాకు ఊరెళ్ళే పనుంది" అనేవారు. నేను అక్కడే కుర్చీలో ఉండేవాణ్ణి. నవ్వేవాణ్ణి.

మా చర్చి సంఘంలో నెలకి ఒక ఆదివారం ప్రభురాత్రి భోజనం అని రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. ఎవరిమీదైనా తప్పు చేసి ఉంటే, ముందు వాళ్ళతో సమాధానపడి వచ్చి రొట్టె తీసుకోవాలని మా పెద్దలు నేర్పారు. ఆ భయం ఒక్కటి నాలో మిగిలింది. వరసలో లేచే వేళకి, కారు గేటుకి అడ్డంగా ఉంది తీసి వస్తానని బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకసారి రెండుసార్లు ఎవరికీ పట్టలేదు. ఏడాది పైగా అలా వెళ్ళాక, ఒక ఆదివారం ఇంటికొస్తుంటే కారులో ఆమె అడిగింది.

"మీకెవరితో తగువండీ?"

రోడ్డు పక్కన ఆపి చెప్పేశాను. నల్లజర్ల, రెండు చుట్లు, గాలి చూపించడం అన్న అబద్ధం. ఆమె ముందు అద్దంలోంచి చూస్తూ వింది.

"ఇన్నాళ్ళూ అందరికీ నేనే చెప్పుకు తిరిగానండీ. మీరు పక్కనే ఉన్నారు."

క్షమించమని అడిగాను. పోనివ్వండి అంది. కూరగాయల బండివాడితో బేరం కుదరనప్పుడు అనే పోనివ్వండి అది. ఆ తర్వాత ఆమె నాతో గట్టిగా మాట్లాడలేదు, మానేయనూ లేదు. కిట్టు పీకించేశాను.

తర్వాతి కౌన్సెలింగు రోజు పొద్దున్న నేను ఎక్స్ఛేంజీకి సెలవు పెట్టి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, తాళాలతో గుమ్మంలో నిలబడ్డాను. "మీరు రావద్దండీ" అంది. ఫైలు చంకన పెట్టుకుని స్టేషను వైపు నడిచి వెళ్ళింది. సాయంత్రానికి గూడెం మండలంలోనే బడి వచ్చింది. ఆ సంగతి నాకంటే ముందు పక్కింటావిడకి తెలిసింది.

ఆ ఆదివారం లంక బడి టీచర్లు నలుగురు స్వీట్లు పట్టుకుని వచ్చారు. కూర్చున్న అయిదు నిమిషాలకే వాళ్ళలో పెద్దావిడ మొదలుపెట్టింది. "మొత్తానికి పలావు మానేసినందుకు ఫలితం దక్కిందండీ." అందరూ నవ్వారు. మా ఆవిడ ఇదివరకటిలా అందుకోలేదు. పళ్ళెంలో స్వీట్లు సర్దుతూనే ఉంది. నా వైపు చూడలేదు కూడా.

నేను చెప్పాను. ఆ రోజు గ్యాసు పలావువల్ల అయిపోలేదని, నేను ఆమెకి చెప్పకుండా నల్లజర్ల తిరిగొచ్చానని, రోడ్డు మీద ఆమెని ఆపింది కూడా నేనేనని. అంతా చెప్పాను.

పెద్దావిడ మెచ్చుకోలుగా తలాడించింది. "చూశారా, టీచరు గారి మీద మాట పడనివ్వట్లేదు. ఇలాంటి భర్త ఎంతమందికి దొరుకుతారండీ?"

మిగతావాళ్ళూ అవునన్నారు. నిజమేనండీ, నేను చెప్పింది నిజం అన్నాను. ఎంత గట్టిగా అంటే అంత ఎక్కువ నవ్వారు. సాయం చెయ్యమన్నట్టు మా ఆవిడ వైపు చూశాను.

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.