బాగున్న ఇంజన్ విప్పిన రోజు

నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత డీజిల్ కారు కొనుక్కుని, దసరా సెలవుల్లో గోవా దాకా నేనే నడుపుకుంటూ పోతానని స్టాఫ్ రూంలో ప్రకటించాను. ఒకటే నవ్వులు. "ముందు జక్రాన్‌పల్లి దాకా పోయి రాండ్రి మేడం" అన్నారు. పోయొచ్చాను, పంతానికి రెండుసార్లు. సముద్రం కనిపించే గది కూడా చూసి పెట్టుకున్నాను. మా నాన్నను, బాపును, వెంట తీసుకెళ్లాలని నా ఆశ. కాళ్లు నేల మీద నిలవడం లేదు.

బయల్దేరే ముందు ఊరికే ఒకసారి చూపిద్దామని వర్ని రోడ్డులో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మీటరులో కిలోమీటర్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"టైమింగ్ బెల్టు మార్చాలె మేడం. రబ్బరుది, ఇంజన్ లోపట ఉంటది. నడుస్తుండంగ తెగిందంటె ఇంజన్ ఖతం."

"ఇప్పుడేమన్న ఖరాబుందా?"

"ఏం లేదు. ఏడాది నడిస్తె నడుస్తది, రేపే తెగితె తెగుతది."

ఇదేం మాట! పైగా ఆయన చెప్పిన ఖర్చు నా గోవా డబ్బులన్నీ ఊడ్చేసేంత. బెల్టు మారిస్తే ప్రయాణం లేనట్టే. లేని రోగానికి మందేమిటని ఒళ్లు మండిపోయింది. నా తరఫున వాదించడానికి బాపుకు ఫోన్ చేసి రమ్మన్నాను. పేస్టు గొట్టాన్ని కత్తిరించి లోపలిది కూడా గీకి వాడే మనిషి, ఇలాంటి ఖర్చుకు ఒప్పుకుంటాడా?

బాపు ఆటో దిగాడు. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి, అది మూతపడ్డాక మళ్లీ పానా ముట్టలేదు. బండి స్టార్ట్ చేయించి, బానెట్ మీదికి వంగి, కళ్లు మూసుకుని విన్నాడు.

"మస్తు నడుస్తుంది" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. వెంటనే మెకానిక్ వైపు తిరిగి "ఇప్పు" అన్నాడు.

"బాగుందంటివి గద బాపూ!"

"బాగున్నప్పుడే ఇప్పాలె బిడ్డా. చెరుకు ఆడుడు అయిపోయినంక ఎండకాలమంత మాకు గదే పని. నడిచే మిషిన్లను ఇప్పి, అరిగినా అరగకున్నా మార్చి, మల్ల బిగిస్తుంటిమి."

"మరి నా గోవా?"

"గోవా యాడికి పోతది?"

అలిగి స్టూలు మీద కూర్చున్నాను. కానీ ఎంతసేపు! బాపు చొక్కా చేతులు మడిచి ఇంజన్‌లోకి దూరిపోయాడు. "గీ బోల్టు, గీ బోల్టు" అంటూ మెకానిక్‌నే హడలగొడుతున్నాడు. ఆ హుషారు నాకూ అంటుకుని, లేచి ఫోన్ లైటు పట్టుకున్నాను.

బెల్టు బయటికొచ్చింది. అందుకుని అటూ ఇటూ వంచి చూశాను. ఒక్క పగులు లేదు.

"సూడు బాపూ, కొత్తదాని లెక్కనే ఉన్నది! ఉత్తగనే పాయె నా ప్రయాణం!"

బాపు చేతులు తుడుచుకున్నాడు. "ఒక ఎండకాలం మేనేజ్‌మెంటోళ్లు మమ్ముల ఏదీ ఇప్పొద్దన్నరు బిడ్డా. అన్ని బాగనే ఉన్నయి, ఎందుకు ఖర్సు అన్నరు. గప్పుడే ఎరుకైంది నాకు, ఫ్యాక్టరీ ఇగ నడవదని."

బాపు మళ్లీ బానెట్ కిందికి వంగాడు. నేను ఫోన్ లైటు ఆయన చేతుల మీదికి తిప్పి, మెకానిక్‌ను అడిగాను.

"అన్నా, గిట్ల ముందుగాలనే మార్చేటియి ఇంకేమేం ఉన్నయి?"